రాజ్యానికి పటం ఉంది, వరస ఏది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కథలు రాసేవాళ్ళవే ఎక్కువ. లేని రాజ్యాలు, లేని కోటలు, వాటి మధ్య పెళ్ళిళ్ళు. హనుమకొండలో ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ఊహలో పుట్టిన రాజ్యాల గురించి నన్ను అడగడమేమిటని మొదట అనిపించింది. చదువుతూ పోతే, అడిగినవన్నీ మన ఇళ్ళల్లో రోజూ నడిచే సంగతులే. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న. ఒక ఫాంటసీ నవల రాస్తున్న. అందులో నల్లకోన, ఏటిమొన, ఉప్పురేవు అని పక్కపక్కన మూడు రాజ్యాలు. మొదటి భాగంల నల్లకోన రాజు తన బిడ్డను ఏటిమొన రాకుమారుడికి ఇచ్చి యుద్ధం ఆపుతడు. రెండో భాగంల మళ్ళీ యుద్ధం. చదివిన మా దోస్తు "మరి ఆ పిల్ల ఎటు పోయింది?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. పటం గీసిన, సైన్యాల లెక్క రాసిన. ఎక్కడ తప్పు పోయింది?
– ఒక యువకుడు, హుజూరాబాద్

జవాబు: బాబూ, నీ దోస్తు మంచి చదువరి. రాసిన ప్రతి భాగం ముందు అతనికే చూపించు.

నువ్వు పంపిన పటం చూశాను. ఏరు ఎక్కడ పుట్టిందో, ఏ కనుమ దగ్గర ఎంతమంది విలుకాండ్రున్నారో అన్నీ ఉన్నాయి. కానీ ఆ పిల్ల ఏటిమొన గడప తొక్కిన మర్నాటి నుంచి ఆమెకు పేరు కూడా లేదు. పెళ్ళి అయిపోయింది, యుద్ధం ఆగింది అని రాసి ముందుకు పోయావు. మన దిక్కు పెళ్ళయ్యాకనే గదా అసలు పని మొదలయ్యేది. పండుగకు పిలవాలి, పురుటికి తీసుకురావాలి, ఒడిబియ్యం పోయాలి. పిల్లనిచ్చినవాళ్ళకు ఆ దారి ఎన్నడూ మూసుకుపోదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పెద్దక్కను ఇచ్చింది పక్క ఊరికే. రెండూళ్ళకూ ఒకటే చెరువు. నేను ఏడో తరగతిలో ఉండగా వానలు సరిగా పడలేదు. తూము దగ్గర మాటా మాటా పెరిగి కట్టెలు లేచాయి. మా నాయనకూ అక్క మామకూ మాటలు బందయ్యాయి. సంతలో ఎదురుపడితే చెరో పక్కకు తిరిగి పోయేవాళ్ళు. కానీ అది అక్కకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. "ఈ ఏడు ఆపుదామా?" అని మా చిన్నాయన అన్నాడు. నాయన ఏమీ అనకుండా పోయి బియ్యం కొలిపించుకొచ్చాడు.

అక్కా బావా పీటల మీద కూర్చున్నారు. అక్క కొత్త చీర కొంగు ఒడిలో పరుచుకుంది. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవిక బట్ట. ఐదుగురు ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు దోసెళ్ళతో పోస్తుంటే కొంగు బరువెక్కి కిందికి సాగింది. అమ్మ వంగి, కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. ఆ పసుపు అమ్మ గాజులకు అంటుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. బువ్వ తినేటప్పుడు అక్క తల ఎత్తకుండా, "మీ దిక్కు నారు ఎండుతుందంట గదా నాయనా, మా మామకు తెల్వదు" అంది. నాయన చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. మూడో రోజు అక్క వెళ్ళిపోయింది. ఆ వారంలోనే తూము రెండు రాత్రులు మా పొలాల వైపు వదిలారు. పంచాయతీ పెట్టలేదు, ఎవరూ ఎవరికీ దండం పెట్టలేదు. నాయన పోయేదాకా ఆ వియ్యంకుడితో ముక్తసరిగానే మాట్లాడాడు. కానీ నారు బతికింది.

నీ నల్లకోన పిల్ల చేతికి ఇలాంటి రాకపోక ఒకటి ఇవ్వు. సైన్యాలు సరిహద్దులో ఉన్నా ఆపడానికి వీల్లేని రాకపోక. ఆమె పల్లకి కనుమ దాటుతుంటే రెండు దిక్కులా విలుకాండ్రు విల్లు దించాలి. ఆ పల్లకిలో ఏం పోతున్నదో ఇద్దరు రాజులకూ సగం సగం తెలియాలి.

ఇక వరస. మా అమ్మకు అక్షరం రాదు. చుట్టరికం చెప్పమంటే చింతగింజలు, గవ్వలు ముందేసుకునేది. మగవాళ్ళకు గింజ, ఆడవాళ్ళకు గవ్వ. నేల మీద పేర్చి చూపించేది. అన్నదమ్ముల పిల్లలు ఒకరికొకరు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. అక్కచెల్లెళ్ళ పిల్లలూ అంతే. అన్నాచెల్లెళ్ళ పిల్లలు మాత్రం బావా మరదళ్ళు. అంటే ఒక గవ్వ గడప దాటి పక్కింటికి పోతే, తర్వాతి తరంలో ఆ ఇంటి నుంచి మళ్ళీ సంబంధం కలుపుకోవడానికి హక్కు పుడుతుంది. "మేనమామ బిడ్డ నాకే రావాలె" అని పట్టుపట్టే కుర్రాణ్ణి నువ్వూ చూసే ఉంటావు. రాజ్యం ఎంత పెద్దదైనా ఆ పట్టుదల అదే, వెనక గుర్రాలు ఉంటాయంతే.

లేని మాట చెప్పడం లేదు. వేంగిని గింజలతో పేర్చి చూడు. తంజావూరు రాజరాజ చోళుడి కూతురు కుందవను వేంగి చాళుక్యుడు విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం చెప్పించినవాడు. ఆయన చేసుకున్నది అమ్మంగదేవిని. ఆమె కుందవ అన్న రాజేంద్ర చోళుడి కూతురు, అంటే మేనమామ బిడ్డ. వాళ్ళ కొడుకు మళ్ళీ అమ్మంగ అన్నదమ్ముల్లో ఒకడైన రెండో రాజేంద్రుడి కూతురు మధురాంతకిని చేసుకున్నాడు. మళ్ళీ మేనమామ బిడ్డే. మూడు తరాలు మూడు గవ్వలు చోళుల ఇంటి నుంచి వేంగికి వచ్చాయి. చివరికి 1070లో చోళ సింహాసనం ఖాళీ అయితే, మూడో తరం కుర్రాడే వెళ్ళి కులోత్తుంగ చోళుడిగా కూర్చున్నాడు. పిల్లనిచ్చిన ఇంటి గద్దె పిల్ల తెచ్చుకున్న ఇంటికి వచ్చింది. కుందవ పెళ్ళినాడు ఇంత దూరం ఆలోచించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ఇంట్లోనే ఒక ముల్లు కూడా ఉంది. విమలాదిత్యుడికి మరో భార్య కొడుకు విజయాదిత్యుడు. నరేంద్రుడికి చోళులు మేనమామలైతే, ఈయన పడమటి చాళుక్యుల అండ చూసుకొని గద్దె కోసం కొట్లాడుతూనే ఉన్నాడు. నీ ఉప్పురేవుకు ఇక్కడ పని దొరుకుతుంది. ఏటిమొన ఇంట్లో సవతి కొడుకు ఒకడుంటే, వాడి చెవిలో మాట ఊదేది ఉప్పురేవే.

రెండో భాగంలో యుద్ధం ఉంచు, తప్పులేదు. అయితే నల్లకోన కొత్త రాజు ఎవరో గుర్తుంచుకో. ఆ పిల్ల అన్న. ఆమె కొడుక్కి పుట్టువెంట్రుకలు తీసినప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకున్నవాడు. ఆమె కూతురి పెళ్ళినాడు మేనకోడల్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకురావాల్సినవాడు. వాడు రాకపోతే గంప ఎవరు ఎత్తాలి? వస్తే కత్తి ఎక్కడ పెట్టి రావాలి? ఆ ఒక్క పెళ్ళి పందిరికి నువ్వు ఇరవై పేజీలు ఇచ్చినా నేను చదువుతాను. రాసి పంపు.

ప్రశ్న: అమ్మా, నా కథలో రాజుకు కొడుకులు లేరు, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దల్లుడు పొరుగు రాజవంశం వాడు. రాజ్యం అల్లుడికి పోతుందని రాస్తే మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు. బిడ్డకే ఇవ్వాలట. అలా జరుగుతుందా?
– ఒక గృహిణి, మంచిర్యాల

జవాబు: మీ అమ్మాయిని ఒకసారి ఖిలా వరంగల్ తీసుకొచ్చి ఆ కీర్తి తోరణాల మధ్య నిలబెట్టండి. ఆ నేల మీద జరిగిందే గదా ఇది.

కాకతి గణపతిదేవుడికి కొడుకులు లేరు. పెద్ద కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్యుల ఇంటికి, వీరభద్రుడికి ఇచ్చాడు. చిన్న కూతురు గణపాంబను ధరణికోట ఏలే కోట బేతరాజుకు ఇచ్చాడు. నిడదవోలు వాళ్ళది పాత పేరున్న వంశం, ఆనాటికి చిన్న సీమ. నా లెక్కలో అది గణపతిదేవుడి ముందుచూపు. ఇంటిపేరుకు గౌరవం ఉండాలి, ఓరుగల్లును మింగేంత బలం ఉండకూడదు. గద్దె మీద కూర్చున్నది బిడ్డే. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో రాశారు. వీరభద్రుడు రాజు కాలేదు. తానూ రాజవంశస్తుడై ఉండి, భార్య రాజ్యంలో రాణి మగడిగా బతికిన ఆ మనిషి మనసులో ఏముండేదో ఏ రాయి మీదా లేదు. మీ పెద్దల్లుణ్ణి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. దుర్మార్గుణ్ణి చెయ్యకండి, అది అందరూ చేసేదే.

చిన్న కూతుర్ని మాత్రం మరిచిపోకండి. గణపాంబ భర్త పోయాక ఆ సీమను తానే ఏలింది. అంటే ఒకే తండ్రి బిడ్డలు ఇద్దరు, ఒకరు పుట్టింటి గద్దె మీద, ఒకరు మెట్టినింటి గద్దె మీద. అక్కాచెల్లెళ్ళ మధ్య నడిచిన కబుర్లు ఊహించుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకో ముడి ఉంది. రుద్రమకూ కూతుళ్ళే. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు వరసకు మనుమడు. మామూలుగా అయితే వాడు తండ్రి మహాదేవుడి ఇంటివాడు. అందుకని రుద్రమ అతణ్ణి దత్తు తీసుకుంది. 1289లో ఆమె పోయాక గద్దెనెక్కాడు. దత్తు లేకుండా కూతురి కొడుక్కి రాజ్యం ఇస్తే మీ కథలో సామంతులు "ఏ ఇంటి పిల్లగాడికి మేం దండం పెట్టాలె?" అని అడగకుండా ఉండరు. ఆ దత్తత రోజున కన్నతండ్రి ముఖం ఎలా ఉందో రాయండి. మిగతా ఇద్దరు కూతుళ్ళ సంబంధాలు కూడా చూడదగ్గవే. ఒకరిని దేవగిరి యాదవుల ఇంటి ఎల్లణదేవుడికి ఇచ్చారు, ఇంకొకరిని ఇందులూరి అన్నయకు, ఇంట్లోని మంత్రుల కుటుంబానికే ఇచ్చారు. ఒక సంబంధం సరిహద్దు కోసం, ఇంకొకటి సభ కోసం. దేవగిరి అంటే మామూలు పొరుగు కాదు. గణపతిదేవుడి తండ్రి వాళ్ళతో పోరులో చనిపోయాడు, గణపతిదేవుడు చిన్ననాడు వాళ్ళ చెరలో ఉన్నాడు. ఆయన మనుమరాలే ఆ ఇంటి కోడలైంది.

ప్రశ్న: ఓడిపోయిన ఇంటి ఆడపిల్లల్ని గెలిచిన రాజు పెళ్ళి చేసుకోవడం అసహ్యంగా ఉంటది. అయినా నా కథలో అది తప్పడం లేదు. ఎట్లా రాయాలె?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: అసహ్యం అనిపించింది కదా, దాన్ని కడిగెయ్యకుండా అక్కడే ఉంచు తల్లీ. గణపతిదేవుడు దివిసీమ గెలిచి అయ్య వంశం ఆడపిల్లలు నారమ్మ, పేరమ్మ ఇద్దర్నీ చేసుకున్నాడు. వాళ్ళ మనసు మనకు అందదు. వాళ్ళ తమ్ముడి సంగతి అందుతుంది. ఆ పిల్లవాణ్ణి బావ దగ్గరికి తీసి పెద్దవాణ్ణి చేశాడు. ఆ జాయపే తర్వాత కాకతీయుల గజసేనకు అధిపతి అయ్యాడు, 'నృత్తరత్నావళి' రాశాడు. గెలిచినవాడి ఇంట్లో బావమరిదిగా పెరగడం, సొంత ఊరును గెలిచిన సేనకే ఏనుగులు నడపడం. నీ కథను ఆ తమ్ముడి కళ్ళతో చెప్పించు. అక్కలు అతనికి అన్నం పెడుతూ ఏం మాట్లాడేవారో అక్కడ వినిపించు.

ప్రశ్న: మేడమ్, కోటలున్న రాజుల మధ్యనే వియ్యాలు రాస్తున్నరు అందరు. అడవి దొరల ఇండ్ల మధ్య రాయొద్దా?
– ఒక ఉపాధ్యాయుడు, ములుగు

జవాబు: రాయాలి. మేడారం పక్కనుండి నన్ను అడుగుతున్నారు మీరు! జనం చెప్పుకునే కథలో మేడరాజు తాను పెంచిన సమ్మక్కను మేనల్లుడు పగిడిద్దరాజుకే ఇచ్చాడు. వాళ్ళ బిడ్డ సారలమ్మ, ఆమె పెనిమిటి గోవిందరాజు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సేన వచ్చింది. కొడుకు జంపన్న ప్రాణం వదిలిన వాగు జంపన్న వాగైంది.

నన్ను ఎప్పుడూ పట్టి లాగేది జాతర నడిచే తీరు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో బుధవారం నాడు సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క. భార్య ఒక ఊరు, భర్త ఒక ఊరు. ఎవరి ఊరు వాళ్ళకుంది, ఎవరి పూజారులు వాళ్ళకున్నారు. పగిడిద్దరాజును పూనుగొండ్లవాళ్ళు అడవి దారిన నడిచి తీసుకొస్తారు. నాలుగు రోజులు గద్దెల మీద ఒక చోట, శనివారం ఎవరి వనానికి వాళ్ళు. పెళ్ళయితే పిల్ల ఊరు విడిచి పోవాలనే లెక్క మీ కథలో ఎందుకుండాలి? కోటలు లేని వంశాలకు వియ్యం అంటే ఆ దారే. ఏ వాగు దగ్గర ఆగుతారు, ఏ ఊళ్ళో నీళ్ళు పోసి ఎదురొస్తారు, అవి రాయండి. ఆ ఊళ్ళన్నీ కలిస్తేనే మీ అడవి రాజ్యం.

ప్రశ్న: రెండు చిన్న సందేహాలు. వియ్యంకులైన రాజులు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలె? ఇంకోటి, నా కథల రాజు పెద్దబిడ్డను తూర్పు రాజ్యానికి, చిన్నబిడ్డను పడమటి రాజ్యానికి ఇస్తడు. వాళ్ళ పిల్లలు ఒకర్నొకరు ఇష్టపడి పెండ్లి చేసుకుంటే రెండు రాజ్యాలు కలుస్తయి. బాగుందా?
– ఒక నేత కార్మికుడి కొడుకు, సిరిసిల్ల

జవాబు: సభలో బిరుదులతో పిలుచుకోనివ్వు. లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక "బావగారూ" అనుకుంటారు, ఆడవాళ్ళు "వదినా" అనుకుంటారు. మనవైపు వియ్యంకుల పిలుపు అదే. కోపం వచ్చిన రోజున బావగారు అనాల్సిన చోట మళ్ళీ బిరుదు పెట్టి పిలిచాడని రాస్తే చాలు, చదివేవాడికి అర్థమైపోతుంది.

రెండోది మాత్రం కుదరదు నాయనా. అక్కచెల్లెళ్ళను చేసుకున్న ఆ ఇద్దరు రాజులు సడ్డకులు. అంటే అన్నదమ్ముల లెక్క. వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు అవుతారు. మా అమ్మ అయితే నీ గింజలన్నీ చేత్తో ఒక పక్కకు తోసేసేది. కావాలంటే ఆ పిల్లలు ప్రాణం పోయినా ఒకరి మీద ఒకరు కత్తి ఎత్తని తోబుట్టువులని రాయి, అది బాగుంటుంది. పెళ్ళే కావాలంటే పెద్దబిడ్డ చోట కొడుకును పెట్టు. కొడుకు తూర్పు గద్దె మీద, చెల్లెలు పడమటి ఇంట్లో. అప్పుడు వాళ్ళ పిల్లలు బావా మరదళ్ళు. కథంతా అలాగే ఉంటుంది, ఒక్క గవ్వ తీసి గింజ పెట్టినట్టు.